దుకాణం అర నుంచి పిల్లల పక్కదాకా: ప్రాణం వచ్చిన ఆటబొమ్మల చిత్రపుస్తకాలు
(స్మారకోపన్యాస పాఠం)

పిల్లల చిత్రపుస్తకం అనే మాటకు ఈ ఉపన్యాసంలో కొంత ఇరుకైన అర్థమే ఉద్దిష్టం. మాటల్లో పూర్తిగా చెప్పేసిన కథకు అందం కోసం అక్కడక్కడ చిత్రాలు చేర్చితే అది సచిత్ర కథల పుస్తకం అవుతుంది; చిత్రాలు తీసేస్తే కథ కుంటుపడేదీ, మాట వదిలేసిన సంగతిని చిత్రం అందుకుని చెప్పేదీ మాత్రమే చిత్రపుస్తకం. ఆటబొమ్మలకు ప్రాణం వచ్చే కథలు ఈ రెండో రూపంలో ప్రత్యేకంగా రాణించడానికి బలమైన కారణం ఉంది. బొమ్మ కదలడం ఎవరి కంటా పడకూడదన్న నియమం ఇటువంటి కథల్లో తరచుగా కనిపిస్తుంది. దుకాణం మూతపడ్డాకో, ఇంటిల్లిపాదీ నిద్రపోయాకో బొమ్మ లేచి తిరుగుతుంది, తెల్లవారేసరికి ఏమీ ఎరగనట్టు తన చోట తాను ఉంటుంది. కథలోని పెద్దలకు తెలియని ఆ రాత్రి సంగతి పేజీ తిప్పుతున్న పిల్లవాడికి తెలుసు. అక్షరాలు రాని పిల్లవాడైతే, పక్కన కూర్చుని చదివి వినిపిస్తున్న అమ్మ కంటే ఒక క్షణం ముందే చిత్రంలో దాన్ని పట్టేస్తాడు. పిల్లవాడిని కథకు ఏకైక సాక్షిగా నిలబెట్టే ఈ ఏర్పాటును సౌలభ్యం కోసం పాఠక సాక్ష్యం అనవచ్చు.

ఈ పుస్తకాల గురించి జరిగే చర్చ సాధారణంగా ఊహాశక్తి దగ్గర మొదలై అక్కడే ఆగిపోతుంది. బొమ్మకు ప్రాణం ఎలా వచ్చిందన్నది నిజానికి వీటిలో చిన్న ప్రశ్న, చాలా పుస్తకాలు దానికి జవాబు చెప్పే శ్రమ కూడా తీసుకోవు. 19వ శతాబ్దం చివరి నుంచి ఇంగ్లండులోనూ అమెరికాలోనూ వచ్చిన కొన్ని ముఖ్యమైన పుస్తకాలను వరసలో పెట్టి చూస్తే, వాటి కింద మరొక ప్రశ్న నిలకడగా పారుతూ కనిపిస్తుంది: వెల కట్టి అమ్మే సరుకు ఒకరికి తమదిగా ఎప్పుడు మారుతుంది, ఆ మార్పు ఎవరి చూపు వల్ల జరుగుతుంది? కార్ఖానాల్లో తయారైన బొమ్మలు దుకాణాల అరలు నింపిన కాలంలోనే ఈ కథలు విరివిగా పుట్టడం కాకతాళీయం కాదు.

మాట్లాడే బొమ్మలు తెలుగు పాఠకుడికి కొత్త కావు. 15వ శతాబ్దపు కవి కొరవి గోపరాజు రచించిన సింహాసన ద్వాత్రింశికలో విక్రమార్కుడి సింహాసనం మీది 32 సాలభంజికలు భోజరాజును ఎక్కనీయకుండా నిలిపి కథలు చెబుతాయి. అయితే ఆ బొమ్మలను ఎవరూ కొనలేదు, ఎవరూ ఆడుకోలేదు. శాపం వల్ల బొమ్మలైన వాటికి ప్రాణం ముందు నుంచీ ఉన్నదే, బొమ్మతనమే తరువాత వచ్చి చేరింది. పిల్లలు చేసే బొమ్మల పెళ్లిళ్లలో మాట, నడక, అలక, అప్పగింతల ఏడుపు అన్నీ ఆడుకునే పిల్లలవే గాని బొమ్మవి కావు. పాశ్చాత్య చిత్రపుస్తకంలోని ఆటబొమ్మ ఈ రెంటికీ భిన్నమైనది: అది శాపగ్రస్త కాదు, పిల్లల చేతుల్లో ఉన్నప్పుడు కదిలేదీ కాదు, ఎవరూ లేనప్పుడు తన కోసం తాను కదిలేది. ఈ తేడా గుర్తించకపోతే ఆ పుస్తకాల్లోని ఒంటరితనం అర్థం కాదు.

ఈ వరసలో తొలినాటి ముఖ్యమైన పుస్తకం ఫ్లోరెన్స్ కేట్ అప్టన్ చిత్రాలు గీయగా ఆమె తల్లి బెర్తా అప్టన్ పద్యాలు కట్టిన ‘రెండు డచ్చి బొమ్మల సాహసాలు’. లండన్‌లో లాంగ్‌మన్స్ సంస్థ 1895లో దాన్ని ప్రచురించింది. ఫ్లోరెన్స్ అప్టన్ ఇంగ్లండు నుంచి వలసవెళ్లిన తల్లిదండ్రులకు 1873లో న్యూయార్క్ ప్రాంతంలో పుట్టి, తరువాత ఇంగ్లండు చేరిన చిత్రకారిణి. డచ్చి బొమ్మలంటే చెక్కతో చెక్కి, భుజాల దగ్గర, మోచేతుల దగ్గర, తుంటి, మోకాళ్ల దగ్గర చిన్న మేకుల్లాంటి కర్రముక్కలతో కీళ్లు బిగించిన చవక బొమ్మలు. ఒంటిమీద బట్ట లేకుండానే దుకాణానికి వచ్చేవి. కథలో క్రిస్మస్ ముందురోజు అర్ధరాత్రి పెగ్, శేరా జేన్ అనే రెండు బొమ్మలు దుకాణంలో లేస్తాయి, బట్టలు లేవని గ్రహించి అక్కడున్న అమెరికా జెండాను కత్తిరించి చారల గుడ్డ ఒకరు, చుక్కల గుడ్డ ఒకరు కట్టుకుంటాయి. జెండా చింపడంలో కొంటెతనం ఉందే గాని అగౌరవం లేదు. దుకాణంలో ఉన్నదంతా తమ ఆటకోసమే అన్న బొమ్మల ధీమా మాత్రం ఉంది.

అప్టన్ చిత్రకళలో మెచ్చుకోవలసిన గుణం కీళ్ల దగ్గర తెలుస్తుంది. ఆమె నిజమైన బొమ్మలను ఎదుట పెట్టుకుని గీసింది గనుక, పరుగెత్తినా పడిపోయినా నాట్యం చేసినా పెగ్ కాళ్లు చెక్కకు సాధ్యమైన చోటనే వంగుతాయి, ముఖంలో రంగుతో దిద్దిన చిరునవ్వు మారదు. ప్రాణం వచ్చింది కదా అని చెక్కను మాంసం చేయడానికి ఆమె ఒప్పుకోలేదు. ప్రాణం పోసిన బొమ్మ బొమ్మగానే మిగలాలన్న ఈ పట్టుదల తరువాతి కాలంలో మంచి చిత్రకారులందరిలోనూ కనిపిస్తుంది, అది లోపించిన పుస్తకాల్లో బొమ్మలు పొట్టి మనుషుల్లా తయారై విసుగు పుట్టిస్తాయి.

అయితే ఆ పుస్తకంలోనే మూడో బొమ్మ ఒకటి ఉంది, దానికి అప్టన్ పెట్టిన పేరు గాలివాగ్. నల్లటి ముఖం, గుండ్రటి తెల్లకళ్లు, ఎర్రని మందపాటి పెదవులు, చెదిరిన జుట్టు, ఒంటిమీద ఆర్భాటమైన కోటు ఉన్న ఈ బొమ్మ రూపం మిన్‌స్ట్రెల్ ప్రదర్శనల నుంచి వచ్చింది. మిన్‌స్ట్రెల్ ప్రదర్శన అంటే 19వ శతాబ్దపు అమెరికాలో తెల్లనటులు ముఖాలకు మసి పూసుకుని, నల్లవారిని తెలివిలేని నవ్వులాటగా చూపిన వినోదం. ఆ మూసలో తయారైన ఒక గుడ్డబొమ్మ అప్టన్‌కు దొరికింది, కథలో ఆమె దానికి మంచి స్వభావమే ఇచ్చింది: మొదట డచ్చి బొమ్మలు దాన్ని చూసి జడుసుకుంటాయి, తరువాత అది వాటికి నమ్మకమైన స్నేహితుడవుతుంది. తరువాత 1909 వరకు వచ్చిన వరస పుస్తకాల్లో అసలు నాయకుడు గాలివాగే. రచయిత్రి ఉద్దేశం మంచిదన్న వాదన ఇక్కడ తరచుగా వినిపిస్తుంది, ఆ వాదనలో అబద్ధం లేదు. అయినా బొమ్మకు ఎంత మంచి మనసు ఇచ్చినా, ఒక జాతి ముఖాన్ని వెక్కిరించడానికి అచ్చుపోసిన రూపాన్ని ఆమె మార్చలేదు. చెక్క కీళ్లను అంత నిజాయితీగా గీసిన చేయి, ఈ రూపంలో ఉన్నది బొమ్మతనం కాదు, మనుషుల మీద మనుషులు చేసిన పరిహాసం అన్న సంగతిని గుర్తించలేదు.

ఆ రూపం మీద అప్టన్ హక్కులు నిలుపుకోకపోవడంతో బొమ్మల తయారీదారులు దాన్ని తమ ఇష్టానికి అచ్చు వేశారు, పేరులో ఒక అక్షరం కూడా ఎగిరిపోయింది, రాబర్ట్‌సన్ జామ్ సీసాల మీద ఆ ముఖం 20వ శతాబ్దంలో చాలాకాలం నిలిచింది. పుస్తకంలో స్నేహితుడైన బొమ్మ బజారులో మళ్లీ సరుకైంది, వీధిలో నల్లవారి మీద విసిరే తిట్టుగా మారింది. ఇంగ్లిషు పిల్లల రచయిత్రి ఎనిడ్ బ్లైటన్ నోడీ అనే బొమ్మ గురించి 1951లో రాసిన ఒక పుస్తకంలో ఇటువంటి బొమ్మలే దొంగలై నోడీ కారును ఎత్తుకుపోతాయి. తరువాతి ముద్రణల్లో వాటిచోట వేరే పాత్రలు పెట్టవలసి వచ్చింది. అప్టన్ విషయంలో మరొక సంగతి కూడా చెప్పుకోవాలి. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, 1917లో, ఆమె తన దగ్గరున్న అసలు బొమ్మలనూ మూలచిత్రాలనూ రెడ్‌క్రాస్ కోసం క్రిస్టీస్ వేలంపాటకు ఇచ్చింది, ఆ సొమ్ముతో యుద్ధరంగానికి ఒక అంబులెన్స్ కొన్నారు. ఆ బొమ్మలు ఆపై చాలా ఏళ్లు బ్రిటన్ ప్రధానమంత్రి గ్రామీణ నివాసమైన చెకర్స్‌లో ఉండి, తరువాత లండన్‌లో పిల్లల వస్తువుల మ్యూజియం చేరాయి. ఒకే బొమ్మ దానమూ అవమానమూ రెండూ మోయడం చరిత్రలో కొత్త కాదు, ఒకటి చెప్పి మరొకటి దాచడమే తప్పు.

అప్టన్ మరణించిన 1922లోనే మార్జరీ విలియమ్స్ రాసిన ‘వెల్వెటీన్ కుందేలు’ పుస్తకంగా వచ్చింది. వెల్వెటీన్ అంటే నూలుతో నేసిన చవక మఖమలు గుడ్డ. చిత్రాలు విలియమ్ నికల్సన్‌వి. నిజానికి ఇది పైన చెప్పిన అర్థంలో చిత్రపుస్తకం కాదు, కొన్నే చిత్రాలున్న కథ. దాని బలమంతా మాటల్లో ఉంది. పిల్లవాడు ఏళ్ల తరబడి ప్రేమిస్తే బొమ్మ నిజమైనది అవుతుందని తోలుగుర్రం కుందేలుకు చెప్పే సిద్ధాంతం ఎంతో ప్రసిద్ధి పొందింది, కొంత అతిగానే ప్రసిద్ధి పొందింది. పాఠకులు అంతగా తలుచుకోని భాగం దాని తరువాతది: పిల్లవాడికి స్కార్లెట్ జ్వరం వస్తుంది, అంటుజ్వరం కనుక వాడి పక్కలో ఉన్న బొమ్మను కాల్చేయమని వైద్యుడు చెబుతాడు, అంత ప్రేమకు పాత్రమైన కుందేలు సంచిలో పడి తోటలో మంటకోసం ఎదురుచూస్తుంది. ఆఖరికి దేవత వచ్చి దాన్ని అడవి కుందేలుగా మారుస్తుంది గాని, బొమ్మగా దాని కథ ఆ సంచిలోనే ముగిసింది. ప్రేమ ఎంత ఉన్నా వస్తువును ఉంచాలా పారేయాలా అన్న తీర్పు పెద్దల చేతిలోనే ఉందని ఈ కథ ఒప్పుకుంటుంది.

నికల్సన్ సొంతంగా 1926లో చేసిన ‘క్లెవర్ బిల్’ అసలైన చిత్రపుస్తకం. ఊరికి ప్రయాణమైన మేరీ పెట్టె సర్దుతూ సర్దుతూ బిల్ అనే బొమ్మ సిపాయిని మరిచిపోతుంది, వాడు లేచి పరుగెత్తి పరుగెత్తి డోవర్ స్టేషన్‌లో రైలు ఆగేసరికి ఆమెకు ఎదురవుతాడు. మాటలు చాలా కొద్ది. పేజీ తిప్పడమే పరుగు.

ఈ మొత్తం పాయలో అన్నిటికంటే నిదానమైన, లోతైన పుస్తకం 1968లో వైకింగ్ సంస్థ అచ్చువేసిన ‘కార్డురాయ్’ అని చెప్పడానికి వెనుకాడనక్కరలేదు. కార్డురాయ్ అంటే నిలువు గీతలు ఉబ్బెత్తుగా కనిపించే మెత్తని దళసరి నూలు గుడ్డ. కథలోని ఎలుగుబంటి బొమ్మ అటువంటి ఆకుపచ్చ గుడ్డతో కుట్టిన, భుజాల మీదుగా పట్టీలున్న లాగు తొడుక్కుని ఉంటుంది, దాని పేరూ అదే. రచయిత, చిత్రకారుడు ఒకరే: డాన్ ఫ్రీమన్, 1908లో కాలిఫోర్నియాలోని శాండియేగోలో పుట్టి న్యూయార్క్ వెళ్లి బాకా వాయిస్తూ పొట్టపోసుకుని, ఆ బాకా కాస్తా సబ్‌వే రైలులో పోగొట్టుకున్నాక పూర్తిగా బొమ్మలు గీయడంలోకి దిగినవాడు. ఆయన చాలాకాలం బ్రాడ్వే నాటకాల దృశ్యాలను పత్రికలకు గీశాడు. ఆ అనుభవం ఈ పుస్తకంలో ప్రతి పేజీకీ పనికివచ్చింది: ఖాళీ దుకాణం రంగస్థలంలా తెరుచుకుంటుంది, అంత పెద్ద రంగం మీద అంత చిన్న పాత్ర.

కథ ఒక పెద్ద దుకాణంలోని బొమ్మల విభాగంలో మొదలవుతుంది. ఒక ఉదయం లీసా అనే చిన్నపిల్ల అర ముందు ఆగి ఆ ఎలుగుబంటిని కొనమంటుంది. ఈవేళ ఇప్పటికే ఎక్కువ ఖర్చయిందనీ, పైగా ఆ బొమ్మ కొత్తదానిలా లేదనీ, లాగు పట్టీకి ఒక బొత్తాం ఊడిపోయిందనీ చెప్పి తల్లి పిల్లను తీసుకుపోతుంది. ఇక్కడ పెద్ద విమర్శకులు కూడా దాటిపోయే చిన్న సంగతి ఉంది. బొత్తాం లేదన్న విషయం ఆ మాట చెవిన పడేదాకా కార్డురాయ్‌కు తెలియదు. ఇన్నాళ్లూ లోపం ఉంది గాని లోపమన్న ఎరుక లేదు. కొనడానికి వచ్చిన కళ్లు బేరీజు వేసినప్పుడే ఆ ఎరుక పుట్టింది. తల్లిని కఠినురాలిగా ఫ్రీమన్ చూపలేదు, ఆమె చెప్పిన మూడు కారణాలూ సంసారం నడిపే మనిషి చెప్పదగినవే. సిగ్గు పుట్టించడానికి కఠినత్వం అక్కరలేదు, ధర చూసే చూపు చాలు.

ఆ రాత్రి దుకాణం మూశాక కార్డురాయ్ బొత్తాం వెతుక్కుంటూ అర దిగుతుంది. తెలియక ఎస్కలేటర్ మీద కాలు పెడుతుంది, నేల తనంతట తాను పైకి కదులుతుంటే ఇది కొండ కాబోలనీ, కొండ ఎక్కాలని తనకు ఎప్పటి నుంచో ఉందనీ అనుకుంటుంది. పై అంతస్తులో కుర్చీలు, బల్లలు, దీపాలు, వరసగా మంచాలు చూసి ఇది రాజభవనమనీ, అందులో ఉండాలన్న కోరికా పాతదేననీ అనుకుంటుంది. కోరిక పాతదన్న మాట కథలో మళ్లీ మళ్లీ వస్తుంది, ప్రతిసారీ వస్తువు కంటపడిన తరువాతనే వస్తుంది. కావాలనుకున్నది కనిపించడం కాదు, కనిపించినది ఎప్పటి నుంచో కావాలనుకున్నట్టు తోచడం: పెద్ద దుకాణాలు కొనుగోలుదారుల మీద పని చేసే తీరు సరిగ్గా ఇదే. అమ్ముడుపోవలసిన బొమ్మ ఒక రాత్రి కొనుగోలుదారుడై తిరిగిందన్నమాట. ఫ్రీమన్ ఇందులో వ్యంగ్యం ఉద్దేశించాడో లేదో గాని, పుస్తకం మాత్రం దాన్ని చూపింది.

పరుపు మీద కుట్టిన బొత్తాలలో ఒకటి తనదే అనుకుని కార్డురాయ్ రెండు చేతులతో లాగుతుంది; అది ఊడిన ఊపుకు మంచం మీది నుంచి దొర్లి నిలువు దీపాన్ని పడగొడుతుంది. చప్పుడు విని టార్చిలైటుతో వచ్చిన రాత్రి కాపలాదారుకు దుప్పటి కింద నుంచి పైకి వచ్చిన రెండు చెవులు కనిపిస్తాయి, ఎవరో ఇక్కడ పెట్టారనుకుని అతను బొమ్మను చంకన పెట్టుకుని కిందికి తెచ్చి అరలో కూర్చోబెడతాడు. ఈ సన్నివేశంలో పాఠక సాక్ష్యం పరాకాష్ఠకు చేరుతుంది: కాపలాదారుకు రెండు చెవులు తెలుసు, ఎస్కలేటరూ రాజభవనమూ బొత్తాం కోసం పడిన పాటూ పిల్లవాడికి తెలుసు, ఇద్దరూ చూస్తున్నది ఒకే బొమ్మను. ఎలుగు ముఖంలో మార్పు స్వల్పం. కాపలాదారు చంకలో వేలాడే తీరు, మంచం మీద బొత్తాన్ని లాగేటప్పుడు వెనక్కి వాలిన వీపు, ఈ భంగిమలే బొమ్మకూ ప్రాణికీ మధ్య గీత గీస్తాయి. అప్టన్ చెక్క కీళ్లతో చేసిన పనిని ఫ్రీమన్ గుడ్డ ఒంటి బరువుతో చేశాడు.

మర్నాడు దుకాణం తెరవగానే లీసా వస్తుంది. రాత్రి తన డిబ్బీలోని డబ్బులు లెక్కపెట్టుకుంది, తల్లి సరేనంది. డబ్బాలో పెట్టి ఇవ్వనా అని అమ్మకందారు అడిగితే వద్దని, చేతుల్లో పట్టుకుని నాలుగు అంతస్తుల మెట్లు పరుగున ఎక్కి ఇంటికి తెస్తుంది. ఒక కుర్చీ, ఒక సొరుగుల బీరువా, పిల్ల మంచం, పక్కన బొమ్మకు సరిపడే చిన్న మంచం: ఆ గది రాజభవనం కాదని కార్డురాయ్‌కు వెంటనే తెలుస్తుంది, ఇది ఇల్లు కాబోలని కూడా తెలుస్తుంది. లీసా బొత్తాం కుడుతుంది, అయితే ఎలా ఉన్నా తనకు ఇష్టమేననీ, పట్టీ బిగిస్తే దానికి సుఖంగా ఉంటుందనీ చెప్పి మరీ కుడుతుంది. తల్లి దృష్టిలో బొత్తాం విలువకు సంబంధించింది, కూతురు దృష్టిలో సౌఖ్యానికి సంబంధించింది. ఒకే లోపానికి రెండు అర్థాలు. ఆఖరున కార్డురాయ్ స్నేహితుడు కావాలన్న కోరిక చెబుతుంది, లీసా దానికి బదులిస్తుంది. అంతవరకు ఎవరి ఎదుటా మాట్లాడని బొమ్మ మాట ఒకరికి వినిపించడంతో, పిల్లవాడు ఒంటరిగా మోసిన సాక్ష్యంలో లీసా కూడా భాగం పంచుకుంటుంది. దుకాణంలో దొరకని కోరిక ఇదొక్కటే.

లీసా నల్లపిల్ల. ఈ సంగతి పుస్తకంలోని మాటల్లో ఎక్కడా లేదు, చిత్రాల్లోనే ఉంది. 1965లో నాన్సీ లారిక్ అనే విద్యావేత్త సాటర్‌డే రివ్యూ పత్రికలో రాసిన వ్యాసం అమెరికన్ పిల్లల ప్రచురణరంగాన్ని కుదిపింది: అంతకు ముందు మూడేళ్లలో వచ్చిన 5,206 పిల్లల పుస్తకాలను పరిశీలిస్తే, ఒక్క నల్లవ్యక్తి అయినా కనిపించేవి 6.7 శాతమే అని ఆమె లెక్క తేల్చింది. ఎజ్రా జాక్ కీట్స్ 1962లో తెచ్చిన ‘స్నోయీ డే’లో నల్లపిల్లవాడు నాయకుడు, మరుసటి ఏడు ఆ పుస్తకానికి అమెరికాలో ఉత్తమ చిత్రపుస్తకానికిచ్చే కాల్డెకాట్ పతకం వచ్చింది. కీట్స్ లాగే ఫ్రీమన్ కూడా తెల్లవాడు, ఇద్దరూ రంగును ప్రస్తావించకుండా గీసి ఊరుకున్నారు. మౌనం వల్ల నల్లవారి జీవితంలోని ప్రత్యేకత మరుగున పడిందని కొందరు చేసే ఆక్షేపణలో పస ఉంది. అయినా 1895 నాటి దుకాణాన్నీ 1968 నాటి దుకాణాన్నీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు జరిగిన మార్పు చిన్నది కాదు: మొదటి దుకాణంలో నల్లముఖం అరమీది సరుకు, రెండోదానిలో నల్లపిల్ల కొనేది, ఏది కొనాలో నిర్ణయించేది, బాగుచేసేది, పేరుపెట్టి పిలిచేది. పాత రూపాలను నిషేధించడం ఒక పని, కథలో చూపు ఎవరిదో మార్చడం మరొక పని. రెండోది మొదటిదానికంటే కష్టం.

డబ్బుతోనే స్నేహం కొన్నట్టు ఉంది కదా అన్న సందేహానికి కూడా ఈ పుస్తకం చోటిస్తుంది, దాన్ని కొట్టిపారేయడం తొందరపాటు. లీసా దగ్గర డిబ్బీ లేకపోతే కార్డురాయ్ అరమీదనే ఉండేది, పక్కనున్న మిగతా జంతువులూ బొమ్మలూ అక్కడే మిగిలిపోయాయి, వాటి గురించి కథ మళ్లీ మాట్లాడదు. ఫ్రీమన్ తన చివరి సంవత్సరమైన 1978లో తెచ్చిన ‘కార్డురాయ్‌కి ఒక జేబు’ ఈ లెక్కను కొంత మారుస్తుంది. అందులో రంగం డబ్బులు వేసి బట్టలు ఉతుక్కునే లాండ్రీ. జేబులు ఖాళీ చేయమని తల్లి లీసాకు చెప్పడం విని తనకు జేబే లేదని ఎలుగుకు తెలుస్తుంది, మళ్లీ లోపం ఎవరో అన్న మాటలోనే పుడుతుంది, మళ్లీ వెతుకులాట, మళ్లీ రాత్రంతా తప్పిపోవడం. నిర్మాణంలో ఇది మొదటి పుస్తకానికి నకలే, సంఘటనలూ కొంత వదులుగా ఉన్నాయి. కాని ఈసారి ఎవరూ ఏమీ కొనరు. లీసా గుడ్డముక్కతో జేబు కుట్టి, దానిలో కార్డురాయ్ పేరు రాసిన చీటీ పెడుతుంది.